బొమ్మల దినచర్య

ఒకప్పుడు ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో ఒక పగలంతా తిరిగారు. ఒకరు మంచనశర్మ, ఇంకొకరు టిట్టిభసెట్టి. వారి సొంత పనులు ఏవైనా, పద్యాలలో మనకు మిగిలింది మాత్రం ఊరే. దారిలో కనిపించిన ప్రతిదాన్నీ వారు ఒకరికొకరు చూపించుకున్నారు. కోడిపందెం దగ్గర ఆగారు. పొట్టేళ్ళ పోరు చూశారు. పాములవాడి ఆట చూశారు. ఏకవీరాదేవిని తలుచుకున్నారు. పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు ఏయే వంటకాలు విస్తరిలో పడతాయో నోరూరేటట్లు చెప్పుకున్నారు. ఇదంతా ‘క్రీడాభిరామం’ అనే వీథి రూపకంలో ఉన్నది. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రచించిన ‘ప్రేమాభిరామం’ దీనికి ఆధారం. తెలుగు రచన వినుకొండ వల్లభరాయునిదని ప్రసిద్ధి. కర్తృత్వాన్ని గురించి పండితులలో వాదం ఉన్నది గాని, ఆ వాదంతో మనకిప్పుడు పని లేదు.

పని ఉన్నది వేరొక విషయంతో. కాకతీయ సామ్రాజ్యం 1323లో అంతరించింది. ఆ కాలపు రాజుల విజయాలను శాసనాలు చెబుతాయి. ఆలయాల వైభవాన్ని రాళ్ళు చెబుతాయి. అయితే ఆనాటి ఓరుగల్లులో సామాన్యుడు ఏమి తిన్నాడు, సాయంత్రం పూట ఎక్కడ నిలబడి వేడుక చూశాడు, వీధిలో ఎవరెవరు ఏమి అమ్ముకున్నారు అన్న ప్రశ్నలకు శాసనాలలో జవాబు దొరకదు. అందుకే సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రచించినప్పుడు కాకతీయుల నాటి ప్రజాజీవనం కోసం మాటిమాటికీ క్రీడాభిరామాన్నే ఆశ్రయించారు. 1949లో వెలువడిన ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ గౌరవం పొందిన తొలి పుస్తకం అదే. అంటే, వినోదం కోసం చెప్పుకున్న వీధి ముచ్చట్లు కొన్ని వందల ఏళ్ళ తరువాత చరిత్రకు సాక్ష్యాలయ్యాయన్నమాట.

అదే కావ్యంలో మాచల్దేవి అనే ఆమె ఇంటి చిత్రశాల ప్రస్తావన వస్తుంది. ఆ గోడలమీద చిత్రించిన బొమ్మలు పురాణగాథలకు సంబంధించినవి. ఇది నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న సంగతి. ఓరుగల్లులో చిత్రకారులు ఉన్నారు. వారి చేతిలో నేర్పు ఉన్నది. గీయడానికి గోడలు ఉన్నాయి. ఆ ఇంటి గుమ్మం దాటితే ఎదురుగా వీధి ఉన్నది. గోడమీదికి దేవతలు ఎక్కారు గాని, ఆ వీధి ఎక్కలేదు. వీధిని పద్యం పట్టుకున్నది, కుంచె పట్టుకోలేదు. పూటకూళ్ళ ఇంటి భోజనాన్ని మనం ఈనాటికీ చదువుకోగలం. ఆ ఇంటి అరుగు ఎంత ఎత్తున ఉండేదో, వడ్డించే మనిషి గరిటె ఎలా పట్టుకొనేదో చూడలేము.

ఇన్ని శతాబ్దాలు గడిచాక కూడా మన నగరంలో పరిస్థితి పెద్దగా మారలేదని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది దానిని గురించే.

చిత్రకారులలో కొందరికి ఒక అలవాటు ఉంటుంది. చేతిలో ఇమిడే చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ వెంట ఉంచుకుంటారు. బస్సు కోసం ఎదురుచూస్తున్నప్పుడు, హోటల్లో చాయ్ చల్లారుతున్నప్పుడు, రైల్వే స్టేషన్‌లో బల్లమీద కూర్చున్నప్పుడు ఎదుట ఉన్నదాన్ని నాలుగు గీతలలో పట్టుకుంటారు. పక్కన తేదీ, చోటు, రెండు మాటలు రాసుకుంటారు. రేపు మళ్ళీ అదే పని. ఇది ప్రదర్శనకు పెట్టే చిత్రం కాదు, అమ్మకానికి వేసేదీ కాదు. మనం మాటలలో రాసుకునే దినచర్యను వారు గీతలలో రాసుకుంటారు. దానిని బొమ్మల దినచర్య అనవచ్చు.

గోవాకు చెందిన మారియో మిరాండా పేరు కార్టూన్ల ద్వారా దేశమంతటికీ తెలుసు. ఆయన యౌవనంలో, ఇంకా ఏ పత్రికలోనూ కుదురుకోకముందే, రోజువారీ జీవితాన్ని బొమ్మలతో డైరీలలో నింపారు. లౌటోలిం గ్రామంలోని ఇరుగుపొరుగు, పెళ్ళిళ్ళు, చర్చి పండుగలు, మిత్రుల అల్లరి అన్నీ వాటిలో ఉన్నాయి. అవి అచ్చులోకి వచ్చింది ఎన్నో దశాబ్దాల తరువాత. 1961 దాకా గోవా పోర్చుగీసు పాలనలో ఉన్నది. ఆ పాలన చివరి రోజులలో మామూలు మనుషులు ఎలా బతికారో తెలుసుకోవాలంటే, ఆ కుర్రవాడి డైరీలు ఇప్పుడు అక్కరకు వస్తున్నాయి. గీసేటప్పుడు ఆయన చరిత్ర రాస్తున్నానని అనుకొని ఉండడు. అనుకొని ఉంటే బహుశా అంత బాగా వచ్చి ఉండేవి కావు.

శాంతినికేతనంలో నందలాల్ బోస్ చిన్న చిన్న కార్డులు వెంట పెట్టుకొని తిరిగేవారు. కనిపించిన చెట్టును, మేకను, బరువు మోస్తున్న సంతాల్ స్త్రీని అక్కడికక్కడే గీసేవారు. శిష్యులకు, ఆత్మీయులకు గీతలు వేసిన పోస్టుకార్డులు పంపేవారు. 1938లో హరిపుర కాంగ్రెస్ సభల కోసం గాంధీజీ కోరికపై ఆయన వేసిన చిత్రాలలో డోలు వాయించేవారు, దర్జీలు, కుమ్మరులు, పల్లె స్త్రీలు కళకళలాడుతూ కనిపిస్తారు. ఆ బలం ఒక్క రోజులో వచ్చింది కాదు. దాని వెనుక జేబులోని కార్డులు ఉన్నాయి.

ఆ గురువు వద్ద చదువుకున్నవారిలో మన ప్రాంతంవారు ఒకరున్నారు. నేటి మహబూబాబాద్ ప్రాంతంలోని పెనుగొండలో 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావుగారు హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, శాంతినికేతనం వెళ్ళి నందలాల్ బోస్ శిష్యరికం చేశారు. తిరిగివచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో అధ్యాపకులై ఎందరినో తీర్చిదిద్దారు. 2012లో కన్నుమూసేవరకు కాకతీయ శిల్పంపై ఆయన మక్కువ తగ్గలేదు. పత్రికలలో కథలకు బొమ్మలు వేసి లక్షలాది పాఠకులకు చేరువైన చంద్రగారు కూడా (1946–2021) వరంగల్ జిల్లావారే. కథకు బొమ్మ వేసే చిత్రకారుని కష్టం చాలామందికి తెలియదు. కథలో ‘ఆమె చేదబావి దగ్గర నిలబడింది’ అని ఒక్క వాక్యం ఉంటుంది. రచయితకు అంతటితో సరిపోతుంది. చిత్రకారునికి సరిపోదు. గిలక ఎక్కడ ఉంటుంది, తాడు ఏ చేతిలో ఉంటుంది, నిండిన కడవ నడుముమీదికి ఎక్కినప్పుడు ఒళ్ళు ఏ పక్కకు ఒరుగుతుంది? ఇవన్నీ అతనికి ముందే తెలిసి ఉండాలి. కళ్ళు మూసుకొని ఊహిస్తే తెలిసేవి కావు ఇవి. ఎప్పుడో ఒకనాడు బావి దగ్గర నిలబడి చూసి ఉండాలి.

గోదావరి తీరాన దామెర్ల రామారావుగారి సంగతి తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. రాజమహేంద్రవరంలో కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివి వచ్చిన ఆ యువకుడు 1925లో మశూచి సోకి మరణించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో పెద్ద వర్ణచిత్రాలను అందరూ చూస్తారు. చిత్రాలతోపాటు ఆయన స్కెచ్ పుస్తకాలు కూడా మిగిల్చి వెళ్ళారు. నన్నడిగితే, అంత తక్కువ ఆయుర్దాయంలో అంత పని ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు జవాబు ఆ పుస్తకాలలోనే ఉన్నది.

ఇటీవలి కాలంలో ఈ అలవాటు ఒక ఉద్యమంగా రూపుదిద్దుకున్నది. అమెరికాలోని సియాటిల్ నగరంలో గాబ్రియేల్ కంపానారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో ‘అర్బన్ స్కెచర్స్’ పేరుతో ఒక బృందాన్ని ప్రారంభించారు. ఉన్నచోటనే కూర్చొని, కంటితో చూసి గీయాలి. చూసినదానికి నిజాయితీగా కట్టుబడాలి. స్థూలంగా ఇవే వారి నియమాలు. నేడు ప్రపంచంలోని అనేక నగరాలలో ఆదివారం ఉదయం కొందరు ఒకచోట చేరి, వీధిని గీసి, చివర పుస్తకాలన్నీ వరుసగా నేలమీద పరచి చూసుకుంటారు. వారిలో వైద్యులు ఉంటారు, గుమాస్తాలు ఉంటారు, గృహిణులు ఉంటారు. వృత్తిరీత్యా చిత్రకారులైనవారే రావాలన్న నిబంధన లేదు. మన దేశంలో ముంబయి వంటి నగరాలలో ఇటువంటి బృందాలు ఉన్నాయి.

ఇక మన నగరానికి వద్దాం.

వరంగల్‌ను ఎవరూ గీయలేదనీ, ఎవరూ ఫొటో తీయలేదనీ నేను అనడం లేదు. నిజానికి మన నగరంలో కొన్ని రాళ్ళకు దొరికినంత శ్రద్ధ దేశంలో చాలా కొద్ది రాళ్ళకే దొరికింది. 1163లో వెలసిన వేయిస్తంభాల గుడి బొమ్మ లేని పర్యాటక పుస్తకం ఉండదు. కోటలోని కీర్తితోరణం 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చోటుచేసుకున్నది. 1213 నాటి రామప్ప ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేరింది. ఇవన్నీ గర్వించదగినవే. అయితే కోటకు వెళ్ళి తోరణం ముందు నిలబడి ఫొటో దిగేవారు, ఆ కోటలో ఊరు ఉన్నదని గమనిస్తారా? మట్టికోటకు, రాతికోటకు మధ్యన, రాతికోట లోపల ఇళ్ళు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి. బడికి వెళ్ళే పిల్లలు ఉన్నారు. రాతి ద్వారం వంకర తిరిగిన చోట బర్రెలు, ఆటోలు, మోటారు సైకిళ్ళు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పోతాయి. శత్రువుల ఏనుగులు వేగంగా దూసుకురాకుండా ఆ మలుపు కట్టారని గైడు చెబుతాడు. ఇవాళ ఆ మలుపు పాలక్యాన్లు తెచ్చే సైకిలును నెమ్మదింపజేస్తున్నది. ఈ రెండు విషయాలూ ఒకే బొమ్మలో ఉండదగినవే కదా!

ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి కాలంలో తెల్లవారకముందే వెళ్ళి చూడండి. ఎర్రటి రాశుల మధ్య నిలబడితే కళ్ళు మండుతాయి, దగ్గు ఆగదు. హమాలీలు తలకు తువ్వాలు చుట్టి, కొక్కెంతో బస్తాను లాగి, ఒక్క ఊపులో వీపుమీదికి ఎక్కించుకుంటారు. ఆ ఊపులో మోకాలు ఎంత వంగుతుందో గీయాలంటే పది బస్తాలు ఎత్తేదాకా చూడాలి. దడవాయి కాంటా దగ్గర నిలబడి తూకం చెబుతాడు. అడ్తిదారు గుప్పెడు కాయలు తీసి విరిచి చూస్తాడు. రాత్రంతా బండిలో వచ్చిన రైతు మాత్రం ఏమీ చేయడు. రాశి పక్కన కూర్చొని ధర కోసం ఎదురుచూస్తాడు. మొత్తం మార్కెట్టులో గీయడానికి అన్నిటికన్నా తేలికైన భంగిమ అది, ఎందుకంటే అతడు కదలడు. అన్నిటికన్నా కష్టమైనదీ అదే.

కొత్తవాడలో మగ్గాల చప్పుడు ఇంకా వినిపిస్తుంది. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనకు వెళ్ళిన చరిత్ర ఉన్నది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ రెండు సంవత్సరాలూ పరీక్షలో రాయడానికి పనికివస్తాయి. పడుగు మధ్యనుంచి పేక నూలును దాటించి, దాన్ని కొట్టి బిగించే వేళ్ళు ఏ వరుసలో కదులుతాయో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పని చేస్తున్నవారిలో తలలు నెరిసినవారే ఎక్కువ. వారి పిల్లలు వేరే పనులు వెదుక్కున్నారు. తప్పు అనడానికి మనమెవరం? కాని ఆ వేళ్ళ వరుస ఎక్కడా గీసి పెట్టుకోకపోవడం మాత్రం మన తప్పే.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. అందరి జేబులలోనూ కెమెరా ఉన్న ఈ కాలంలో పెన్సిలుతో గీయడమెందుకు? ఒక్క వేలు తాకితే వీధి యావత్తూ, ఒక్క ఆకు కూడా తప్పిపోకుండా, రంగులతో సహా వచ్చేస్తుంది కదా?

ఇది తేలికగా తీసిపారేయదగిన ప్రశ్న కాదు. కచ్చితత్వంలో పెన్సిలు కెమెరాతో పోటీపడలేదు. ఒక భవనం ఎత్తు ఎంతో, గోడమీద ఏమి రాసి ఉన్నదో తెలుసుకోవడానికి న్యాయస్థానం ఫొటోనే అడుగుతుంది, నా గీతలను అడగదు. అయితే కెమెరా అన్నింటినీ ఒకేలా చూస్తుంది. కరెంటు స్తంభమూ, దాని కింద పూలు కట్టే అమ్మా దానికి సమానమే. గీసేవాడు అలా చూడలేడు. కాగితం చిన్నది, సమయం తక్కువ. ఏది ముందు గీయాలి, ఏది వదిలేయాలి అని క్షణక్షణం తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే అతడు ఆ వీధిని అర్థం చేసుకుంటాడు. పైగా ఫొటోకు కావలసింది రెప్పపాటు, బొమ్మకు కావలసింది కనీసం పావుగంట. ఆ పావుగంటలో పూలు కట్టే అమ్మ ముగ్గురు గిరాకీలతో మాట్లాడుతుంది, ఒకరితో బేరమాడుతుంది, ఒకసారి నవ్వుతుంది. కాగితంమీద ఉన్న ముఖం ఆ మూడింటి కలయిక. అది ఏ ఒక్క క్షణంలోనూ ఉన్న ముఖం కాదు, ఆ పావుగంట మొత్తానికీ చెందిన ముఖం.

ఇంకొక సంగతి ఉన్నది. ఫొటో తీసినవాడు తీసుకొని వెళ్ళిపోతాడు. తన ఫోనులో ఉన్న వెయ్యి ఫొటోలలో తొమ్మిది వందలను మళ్ళీ చూడడు. గీసేవాడు కదలకుండా ఒకచోట ఉండిపోతాడు కాబట్టి అతని చుట్టూ మనుషులు చేరతారు. మొదట పిల్లలు వస్తారు. తరువాత పెద్దలు వచ్చి తొంగిచూస్తారు. బొమ్మ ఎవరిదో ఆరా తీస్తారు. ‘ఈడ ఇదివరకు చింతచెట్టు ఉండె’ అని ఒకరు అంటారు. ‘చింతచెట్టు గాదు, రావిచెట్టు’ అని ఇంకొకరు సరిదిద్దుతారు. ఆ వాదం తేలేలోపు ఆ వీధి ఇరవై ఏళ్ళ చరిత్ర బయటికి వస్తుంది. దాన్నంతా బొమ్మ పక్కన రాసుకోవచ్చు.

ఈ అలవాటు లేక నేను పోగొట్టుకున్నదాన్ని ఒకటి చెప్పాలి. వరంగల్ నడిబొడ్డున నిజాం కాలం నాటి కేంద్ర కారాగారం ఉండేది. దాని స్థానంలో పెద్ద ఆసుపత్రి కట్టడానికి 2021లో దానిని ఖాళీ చేసి కూల్చివేశారు. నగరానికి ఆసుపత్రి అవసరం. ఆ నిర్ణయాన్ని ఇక్కడ చర్చించబోవడం లేదు. నా బాధ వేరు. ఆ గోడ పక్కనుంచి నేను ఎన్నో ఏళ్ళు నడిచాను. గోడమీద కాకులు వాలడం చూశాను. ములాఖత్ కోసం సంచులు పట్టుకొని, చంటిపిల్లలను ఎత్తుకొని బయట నిలబడ్డ ఆడవారిని చూశాను. కూల్చివేత వార్త చదివిన రాత్రి కాగితం తీసి, ఆ గోడను, ఆ ద్వారాన్ని జ్ఞాపకంనుంచి గీద్దామని కూర్చున్నాను. నాలుగు గీతలు పడ్డాయి. ద్వారం పైభాగం కమానుగా ఉండేదా, చదునుగా ఉండేదా? ఆ ఆడవారు నిలబడింది ఏ నీడలో? ఒక్కటీ రాలేదు. వేలసార్లు చూశానని అనుకున్నదాన్ని ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది. ఫొటోలు వెదికితే దొరుకుతాయి, ద్వారం ఎలా ఉండేదో తెలుస్తుంది. ఆ నీడలో నిలబడ్డవారి సంగతి మాత్రం వాటిలో ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

1934లో వెలసిన ఆజంజాహి మిల్లు విషయమూ ఇటువంటిదే. ఆ మిల్లు కూత విని నగరం నిద్రలేచేదని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. మిల్లు మూతబడింది, యంత్రాలు పోయాయి, షెడ్లు నేలమట్టమయ్యాయి. షిఫ్టు మారే వేళ ద్వారంనుంచి వేలమంది ఒక్కసారిగా బయటికి వచ్చే దృశ్యాన్ని, సద్ది గిన్నె చేతికి తగిలించుకొని సైకిలు ఎక్కే కార్మికుణ్ణి, ఎదురుగా ఉన్న చాయ్ దుకాణం రద్దీని ఆ రోజులలో ఒక కళాశాల విద్యార్థి తన నోటుపుస్తకం చివరి పేజీలలో గీసి ఉంటే అది ఈనాడు ఎంత విలువైనదై ఉండేది! 2020లోనూ 2023లోనూ వరదనీరు మన కాలనీలను ముంచెత్తింది. ఏ వీధిలో నీరు ఏ మెట్టుదాకా వచ్చిందో, చెరువు అంచు అప్పుడు ఎక్కడ ఉన్నదో తేదీ వేసి గీసిపెట్టిన పుస్తకాలు పది ఉంటే, నగరం దేనిని మరచిపోయిందో చూపించడానికి అవి చాలు.

దీనికి ఎదురుగా చెప్పదగిన మాటలు కూడా ఉన్నాయి. వీధిలో మనిషి బొమ్మల కోసం నిలబడలేదు. అతని అనుమతి లేకుండా అతన్ని గీయడం సబబేనా? చిరిగిన చొక్కా, ముడుతలు పడ్డ ముఖం గీతలకు బాగా లొంగుతాయి. పేదరికం బొమ్మలో అందంగా ఉంటుంది. ఇది గీసేవారు తమను తాము గట్టిగా ప్రశ్నించుకోవలసిన విషయం. దూరంనుంచి గుంపును గీస్తే పేచీ లేదు. ఒక మనిషి ముఖాన్నే గీయదలిస్తే అడగాలి. గీశాక చూపించాలి. వద్దంటే ఆ పేజీని వదిలేయాలి. ఆసుపత్రి వార్డులో, చావు ఇంట్లో పెన్సిలు బయటికి తీయకపోవడం మర్యాద. నేను ఒకసారి ఈ మర్యాదను తప్పాను. ఆ పేజీ ఎవరికీ చూపించలేదు.

‘నాకు బొమ్మలు రావు’ అన్నది ఇంకొక అభ్యంతరం. విద్యార్థులనుంచి నేను ఎక్కువగా వినేది ఇదే. అయిదేళ్ళ పిల్లవాణ్ణి అడిగితే ఈ మాట అనడు. గోడ కనిపిస్తే చాలు, గీస్తాడు. పదో తరగతికి వచ్చేసరికి ‘రాదు’ అని నేర్చుకుంటాడు. ఎవరు నేర్పారు? డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారికి ఇచ్చేసిన మనమే నేర్పాం. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. విద్యార్థులు రికార్డులో మందారపువ్వును, వేరు అడ్డుకోతను గీస్తారు. నిజానికి అది మంచి అవకాశం. ఎదుట పువ్వును పెట్టుకొని, రేకులు లెక్కబెట్టి, కేసరాలు ఎలా అతుక్కొని ఉన్నాయో చూసి గీయాలి. కాని ఎక్కువమంది సీనియర్ల రికార్డును పక్కన పెట్టుకొని గీస్తారు. ఆ సీనియరు అంతకుముందు సీనియరు రికార్డు చూసి గీసి ఉంటాడు. పువ్వు మాత్రం కళాశాల ఆవరణలోనే, కిటికీకి పది అడుగుల దూరంలో పూసి ఉంటుంది.

నగరాన్ని గీయడానికి కావలసినది చిత్రకళలో పట్టా కాదు. రూళ్ళు లేని చిన్న నోటుపుస్తకం, ఒక బాల్‌పెన్ను చాలు. పెన్సిలుకన్నా పెన్ను మేలని నా అనుభవం, ఎందుకంటే చెరపడానికి వీలుండదు. తప్పు పడిన గీతను అలాగే ఉంచి దాని పక్కన సరైన గీతను వేయాలి. రెండూ కనిపిస్తే, మన చూపు ఎక్కడ మోసపోయిందో కూడా ఆ పేజీలో నమోదవుతుంది. అందమైన చోటు కోసం వెదకవద్దు. కాజీపేట జంక్షన్‌లో రైలు కోసం ఆగిన పావుగంట, హన్మకొండ చౌరస్తాలో బస్సు ఎక్కకముందు పది నిమిషాలు, భద్రకాళి చెరువు కట్టమీద ఒక సాయంత్రం, ఇవన్నీ ఉన్నవే. బతుకమ్మ పండుగ నాడు వేయిస్తంభాల గుడి ముందు తిరిగే వందలమందిని గీయాలని కూర్చుంటే చేతులెత్తేస్తాం. ఒక్క తాంబాళంలో గునుగు, తంగేడు ఏ వరుసలో పేర్చారో గీస్తే ఆ సాయంత్రానికి సరిపోతుంది.

వివరం ఎంత ముఖ్యమో నాకు నేర్పిన గురువు ఒకరున్నారు. చౌరస్తాకు కొంచెం దూరంలో, పాత గొడుగు కింద కూర్చొని చెప్పులు కుట్టే పెద్దాయన. ఒక మధ్యాహ్నం ఆయనను అడిగి, ఎదురు అరుగుమీద కూర్చొని గీశాను. ముఖం కొంత కుదిరింది. ముందున్న ఇనుప దిమ్మె, ఆరె, మైనం పూసిన దారపు ఉండ బాగానే వచ్చాయి. సంతోషంగా తీసుకువెళ్ళి చూపించాను. ఆయన తన ముఖం వైపు చూడనే లేదు. బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని గొడుగును చూశాడు.

‘సారూ, గొడుగుకు ఎనిమిది పుల్లలుంటయ్. మీరు ఆరే ఏసిండ్రు. ఇట్లయితే వానకు ఆగుతదా?’ అన్నాడు.

తలెత్తి లెక్కబెట్టాను. ఎనిమిదే. వాటిలో ఒకటి విరిగితే సైకిలు చక్రపు పుల్లతో అతుకు వేసి ఉన్నది. అరగంట ఎదురుగా కూర్చొని కూడా నేను దాన్ని చూడలేదు. ఆ పేజీ తిప్పి గొడుగును మళ్ళీ గీశాను. అతుకు వేసిన పుల్ల దగ్గర చిన్న బాణం గుర్తు పెట్టి, తేదీ వేసి, ఎవరు సరిదిద్దారో కింద రాసుకున్నాను. ఆయన అది కూడా చూసి, ఇప్పుడు సరిపోయిందన్నట్లు తలూపి, చేతిలోని చెప్పు తిరగేసుకున్నాడు.